గట్టి డెస్క్ మైక్ స్టాండ్ కోసం చూస్తున్నారా? రకరకాలవి వాడి చూశాక నా మాట

మైక్ కోసం వారాల తరబడి వీడియోలు చూసి, తెలిసినవాళ్లని, తెలియనివాళ్లని అడిగి, ఆఖరికి ఒకటి కొన్నవాళ్లు కూడా స్టాండ్ దగ్గరికి వచ్చేసరికి "ఏదో ఒకటి పడెయ్" అంటారు. లేదంటే మైక్ డబ్బాలో వచ్చిన మూడు కాళ్ల బుల్లి స్టాండ్‌తోనే కానిచ్చేస్తారు. ఇంట్లో బల్ల ముందు కూర్చుని వాయిస్ ఓవర్లు, పాడ్‌కాస్ట్‌లు, ఆడియో కథలు, ఆన్‌లైన్ పాఠాలు రికార్డ్ చేసేవాళ్ల కోసం ఈ రివ్యూ. నేను వాడినవాటిలో కొన్ని సొంతం, కొన్ని అరువు. ఫలానా కంపెనీ ఫలానా మోడల్‌కి ఇన్ని స్టార్లు అని వేయడం కంటే రకాల వారీగా చెబితేనే పనికొస్తుంది. ఎందుకంటే చాలాసార్లు ఒకేలాంటి స్టాండ్ నాలుగు పేర్లతో కనిపిస్తుంది, పేరు మారినంత మాత్రాన దాని దిమ్మ బరువెక్కదు. తీర్పు ముందే చెప్పేస్తున్నా: కింద పోత ఇనుము గుండ్రటి దిమ్మ, పైన ఎత్తు పెంచుకోగలిగే నిటారు రాడ్డు ఉన్న సాదా స్టాండ్‌కే నా ఓటు. చూడ్డానికి పాతకాలం సరుకులా ఉంటుంది, ఉండనివ్వండి.

అసలు స్టాండ్ గురించి ఇంత చర్చ ఎందుకు? బల్ల మీద మైక్ పెట్టడమంటే బల్లకి స్టెతస్కోప్ ఆనించినట్టే. గాలిలో వచ్చే చప్పుడు వేరు, చెక్కలోంచి ఇనుములోంచి పాకి వచ్చే అదురు వేరు. మన చెవికి మొదటిదే వినిపిస్తుంది కాబట్టి గది నిశ్శబ్దంగా ఉందనుకుంటాం. రికార్డ్ చేసింది హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే కీబోర్డ్ మీద వేలు పడ్డ ప్రతిసారీ ఒక "ధుబ్", మోచెయ్యి జరిపినప్పుడు ఒక గరగర, కాలు బల్ల కాలికి తగిలితే ఇక చెప్పక్కర్లేదు. ల్యాప్‌టాప్ ఫ్యాన్ తిరిగే సన్నటి గుయ్యిమనే శబ్దం కూడా బల్లలోంచి ఎక్కుతుంది. ఈ అదురులో ఎక్కువ భాగం లోతైన శబ్దమే కాబట్టి "80 హెర్ట్జ్‌కి దిగువ శబ్దాన్ని కోసేసే ఫిల్టర్ వేస్తే పోతుందిలే" అని చాలామంది సలహా ఇస్తారు. కొంత పోతుంది, నిజమే. కానీ బల్ల దెబ్బ 100, 200 హెర్ట్జ్‌లలో కూడా ఉంటుంది. అక్కడ మగవాళ్ల గొంతు, ఇంకాస్త పైన ఆడవాళ్ల గొంతు మొదలవుతాయి కాబట్టి ఫిల్టర్‌ని అంత పైకి లాగితే చప్పుడుతో పాటు గొంతులో నిండుదనమూ పోతుంది. పైగా ఇళ్లలో ఎక్కువమంది వాడేవి ఒక వైపు నుంచే వినే కార్డియాయిడ్ మైకులు. అన్ని వైపులా వినే ఓమ్ని మైకుల కంటే ఇవి అదురుని బాగా పట్టేస్తాయి. అందుకని చప్పుడుని తర్వాత కడుక్కోవడం కంటే మైక్ దాకా రానివ్వకుండా ఆపడమే తెలివైన పని, ఆ పని మొదలయ్యేది స్టాండ్ దగ్గరే.

ఇక బరువు. కొనేముందు నేను చూసే మొదటి అంకె దిమ్మ బరువు. స్టాండ్ మొత్తం బరువు కాదు, దిమ్మది. బ్లూ యెటి మైక్‌ని చూడండి, మైక్ సుమారు అర కిలో ఉంటే దానితో వచ్చే స్టాండ్ కిలో దాకా ఉంటుంది. అంటే మైక్‌కి రెట్టింపు. ఆ స్టాండ్ ఎత్తు గురించి నాకు ఫిర్యాదు ఉంది కానీ నిలకడ గురించి లేదు. ఇదే లెక్క మిగతావాటికీ పనికొస్తుంది. ష్యూర్ ఎస్ఎమ్ 58 సుమారు 300 గ్రాములు, రోడ్ ఎన్‌టీ 1ఏ 326 గ్రాములు, ఆడియో టెక్నికా ఏటీ 2020 అయితే 345 గ్రాములు. వీటికి కిలో దిమ్మ చాలు. ష్యూర్ ఎస్ఎమ్ 7బీ లాంటిది ముప్పావు కిలోకి పైనే ఉంటుంది, దానికి కిలోన్నర, రెండు కిలోల దిమ్మ లేకపోతే మనశ్శాంతి ఉండదు. మైక్ బరువు లెక్కేసేటప్పుడు షాక్ మౌంట్ (మైక్‌ని రబ్బరు తాళ్ల మీద వేలాడదీసే చట్రం), పాప్ ఫిల్టర్ (ప, బ అన్నప్పుడు వచ్చే ఊపిరి దెబ్బని ఆపే తెర), కిందికి వేలాడే కేబుల్ బరువు కూడా కలపాలి. ఇది చాలామంది మరిచిపోతారు.

బరువు ఒక్కటే కాదు, ఆ బరువు ఎంత వెడల్పున పరుచుకుందన్నదీ ముఖ్యం. మైక్ నిటారుగా దిమ్మ నడినెత్తిన ఉన్నంతసేపు ఏ స్టాండైనా నిలబడుతుంది, మైక్‌ని మన వైపు వంచినప్పుడే అసలు పరీక్ష. చిన్న లెక్క చెబుతాను. దిమ్మ కిలోన్నర, దాని అడ్డం 15 సెంటీమీటర్లు అనుకుందాం, అంటే మధ్య నుంచి అంచుకి ఏడున్నర. మైక్ సరంజామా అంతా కలిపి ముప్పావు కిలో. రాడ్డు బరువు వదిలేస్తే, మైక్ దిమ్మ అంచు దాటి 15 సెంటీమీటర్లు బయటికి వచ్చేదాకా స్టాండ్ పడదు. అదే దిమ్మ 600 గ్రాములే అయితే అంచు దాటి 6 సెంటీమీటర్లకే తలకిందులు. ఇదంతా ఎవరూ ముట్టుకోనప్పుడు. కేబుల్ కాస్త లాగినా, కాగితం తిప్పుతూ చెయ్యి తగిలినా లెక్క మారిపోతుంది కాబట్టి ఈ దూరంలో సగమే మనదనుకోవాలి. అమ్మేవాళ్లు దిమ్మ బరువు రాయకపోతే నేను ఆ స్టాండ్‌ని పక్కన పెట్టేస్తాను. చెప్పుకోదగ్గ బరువే ఉంటే రాయకుండా ఎందుకు ఊరుకుంటారు?

మూడు కాళ్ల మడత స్టాండ్ల సంగతి ఇక్కడే తేలిపోతుంది. కాళ్లు బాగా చాచి ఉన్నాయి కదా, దిట్టంగా ఉంటుంది అనిపిస్తుంది. కాలు మధ్య నుంచి 12 సెంటీమీటర్లు పొడుగుంటే, కాలు ఉన్న వైపు ఆ 12 సెంటీమీటర్ల ఆసరా దొరుకుతుంది, బాగానే ఉంది. రెండు కాళ్ల మధ్య ఖాళీ వైపు మాత్రం ఆసరా సరిగ్గా సగమే, 6 సెంటీమీటర్లు. మైక్‌ని ఆ ఖాళీ వైపు వంచారా, పడుతుంది. కాబట్టి ఇలాంటి స్టాండే చేతిలో ఉంటే ఒక కాలు సూటిగా మీ వైపు వచ్చేలా తిప్పి పెట్టండి, ఈ ఒక్క మార్పుతో సగం బెడద తీరుతుంది. మిగతా సగం తీరదు. ఈ స్టాండ్లు ఉండేదే తేలిక, బల్ల అదురుని ఆపడానికి వాటిలో సరుకు లేదు. నా దగ్గరున్న ఒకదానికి కాళ్ల కీళ్ల దగ్గర రివెట్లు వదులై, బల్ల మీద వేలితో కొడితే కాళ్లు వాటంతట అవే టిక్కుటిక్కుమంటాయి. రికార్డింగ్‌లో ఆ టిక్కు ఎక్కడినుంచి వస్తోందో తెలుసుకోడానికి గది అంతా వెతికాను. ప్లాస్టిక్ కాళ్ల చివర రబ్బరు తొడుగులు ఊడిపోవడం మామూలే. ప్రయాణంలో సంచిలో వేసుకుని వెళ్లడానికి ఇవి బాగుంటాయి, రోజూ కూర్చునే బల్లకి కాదు.

గూస్‌నెక్, అంటే ఎటు వంచితే అటు వంగే గొట్టం ఉన్న స్టాండ్లు. వీటి మీద నాకు పెద్ద అభిమానం లేదు, దాచుకోవడం ఎందుకు. తేలిక మైక్ పెట్టుకుని మీటింగుల్లో మాట్లాడటానికి సరే. అర కిలో మైక్ బిగించారంటే మొదట్లో పెట్టినచోటే నిలుస్తుంది, తర్వాత్తర్వాత మీకు తెలియకుండానే అంగుళం అంగుళం వాలిపోతుంది. ఒక అధ్యాయం మొదట్లో ఉన్న గొంతు, చివర్లో ఉన్న గొంతు ఒకలా లేవెందుకా అని బుర్ర బద్దలు కొట్టుకుంటాం, తీరా చూస్తే మైక్ గడ్డం కిందికి దిగి ఉంటుంది. పైగా వంచిన కాసేపటిదాకా లోపలి చుట్టలు సర్దుకుంటూ కిర్రుమంటాయి, అది నేరుగా మైక్‌లోకే ఎక్కుతుంది. మైక్‌ని ముట్టుకోకపోయినా బల్ల తగిలితే చాలు, పొడుగాటి మెడ చాలాసేపు ఊగుతూనే ఉంటుంది.

ఇప్పుడు ఎత్తు. బరువు గురించైనా అక్కడా ఇక్కడా రాస్తారు కానీ దీని గురించి పట్టించుకునేవాళ్లు తక్కువ, నాకైతే రెండూ సమానమే. కుర్చీలో తిన్నగా కూర్చుంటే మనిషి నోరు బల్ల మీదినుంచి ఇంచుమించు 35 నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. మైక్‌తో ఉచితంగా వచ్చే స్టాండ్లు చాలావరకు జానెడు కూడా లేవవు. అప్పుడు రెండే దార్లు: మనం వంగి కూర్చుని గంటల తరబడి చదవడం, లేదా మైక్ దూరంగా ఉన్నా సరే అని గెయిన్, అంటే మైక్ పట్టిన శబ్దాన్ని పెద్దది చేసే అమరిక, పెంచుకోవడం. వంగితే ఊపిరి పట్టేస్తుంది, గొంతు నొక్కుకుపోయి వస్తుంది. గెయిన్ పెంచితే గది మొత్తం లోపలికి వస్తుంది. దూరం రెట్టింపైతే గొంతు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, ఫ్యాన్ చప్పుడు మాత్రం తగ్గదు. డైనమిక్ మైక్ (ఎస్ఎమ్ 58, ఎస్ఎమ్ 7బీ రకం) అయితే నోటికి బెత్తెడు దూరం, కండెన్సర్ (ఎన్‌టీ 1ఏ, ఏటీ 2020 రకం) అయితే జానెడు దూరం, ఇది కుదరాలంటే మైక్ నోటి దాకా రావాల్సిందే.

ఎత్తు తక్కువైతే ఇంకో తలనొప్పి ఉంది, అది బల్ల అద్దంలా శబ్దాన్ని వెనక్కి కొట్టడం. గొంతు నేరుగా మైక్‌కి చేరుతుంది, బల్లకి తగిలి కాస్త ఆలస్యంగా ఇంకోసారి చేరుతుంది. రెండూ కలిసిన చోట కొన్ని స్వరాలు ఒకదాన్నొకటి తినేస్తాయి. నోరు 40 సెంటీమీటర్ల ఎత్తున, మైక్ ఎదురుగా 20 సెంటీమీటర్ల దూరాన ఉందనుకోండి. మైక్ 10 సెంటీమీటర్ల ఎత్తులోనే ఉంటే నేరుగా వచ్చే దారికి, బల్లకి కొట్టుకుని వచ్చే దారికి తేడా సుమారు 18 సెంటీమీటర్లు. దాంతో 950 హెర్ట్జ్ చుట్టుపక్కల గుంట పడుతుంది, బల్ల నున్నగా గట్టిగా ఉంటే 9, 10 డెసిబెల్స్ లోతు. అంటే మాట స్పష్టంగా వినిపించే చోటే కోత పడిందన్నమాట. అదే మైక్‌ని 30 సెంటీమీటర్లకి లేపితే దారుల తేడా అర మీటరు అవుతుంది, బల్ల నుంచి వచ్చేది బాగా బలహీనపడి గుంట లోతు 3 డెసిబెల్స్‌కి దిగుతుంది. చెవికి పెద్దగా తెలియదు. ఇది కాగితం లెక్కే, మైక్ ఎటు చూస్తోందన్నదాన్ని బట్టి అంకెలు మారతాయి, కానీ తేడా మాత్రం హెడ్‌ఫోన్స్‌లో ఇట్టే తెలుస్తుంది. పొట్టి స్టాండ్‌తో రికార్డ్ చేసినప్పుడు గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంది అని మైక్‌ని తిట్టుకునేవాళ్లు ఒకసారి అదే మైక్‌ని నాలుగు లావుపాటి పుస్తకాల మీద పెట్టి చూడండి. మైక్ కొత్తగా అనిపిస్తుంది. బల్ల మీద మడతపెట్టిన తువ్వాలు పరిస్తే కూడా పై స్వరాల్లో కొంత ఫలితం ఉంటుంది, కింది స్వరాలకి తువ్వాలు ఓ లెక్క కాదు.

అందుకే రాడ్డు పొడుగు మారేది తీసుకోమంటాను. ఉదాహరణకి ఆన్‌స్టేజ్ డీఎస్ 7200బీ అనే స్టాండ్ 9 నుంచి 13 అంగుళాల దాకా లేస్తుంది. 13 అంగుళాలంటే 33 సెంటీమీటర్లు, దానిపైన క్లిప్పో షాక్ మౌంటో కలిస్తే మైక్ నోటి ఎత్తుకి దాదాపు వచ్చేస్తుంది. ఎత్తు మారని రకాల్లో 5, 6 అంగుళాలవి కూడా అమ్ముతారు. అవి నలుగురు చుట్టూ కూర్చుని మాట్లాడే బల్లలకి, ఇంట్లో రికార్డింగ్‌కి కావు. మీరు మరీ పొడుగైతే, లేదా కుర్చీ ఎత్తుగా ఉంటే, 13 అంగుళాలు కూడా చాలకపోవచ్చు. కొనేముందు తిన్నగా కూర్చుని గడ్డం నుంచి బల్ల దాకా టేపుతో కొలుచుకోండి.

ఎత్తు మారే రాడ్డుకి ఉన్న ఒకే ఒక్క బలహీనత దాని క్లచ్, అంటే తిప్పి బిగించే ఆ మధ్య భాగం. రెండు రకాలు చూశాను. గొట్టం చుట్టూ ఉండే పట్టీని తిప్పితే లోపలి రబ్బరో ప్లాస్టిక్కో రాడ్డుని నలువైపులా పట్టుకునేది ఒకటి, పక్కనుంచి మరలోకి స్క్రూ దిగి రాడ్డుని నొక్కి పట్టేది ఇంకొకటి. మొదటిదే మేలు. రెండోదానిలో స్క్రూ మొన రాడ్డు మీద గాట్లు పెడుతుంది, ఆ గాటు ఉన్నచోటే మళ్లీ మళ్లీ ఆగుతుంది, మనకి కావలసిన ఎత్తు ఆ గాటుకి అర అంగుళం పైన ఉంటుంది. చేతికి రాగానే రాడ్డుని పూర్తిగా లాగి, మామూలు బలంతో బిగించి, పైనుంచి అరచేత్తో గట్టిగా నొక్కండి. జారిందంటే ఆ రోజే వాపసు పంపండి. "వాడగా వాడగా బిగుస్తుంది" అని ఎవరైనా అంటే నమ్మకండి, వాడగా వాడగా అరుగుతుంది తప్ప బిగియదు.

ఇంకో చోటు ఎవరూ చూడరు, రాడ్డు దిమ్మలోకి దిగే కింది మర. మైక్‌ని కాస్త ఎడమకి తిప్పుదామని తిప్పుతాం, పైన తిరగాల్సింది పోయి కింద మర విప్పుకుంటుంది. ఇలా కొన్నాళ్లు జరిగాక ఒకరోజు స్టాండ్ మొత్తం కటకటలాడుతుంది, ఎందుకో తెలియదు. దిమ్మని తిరగేసి చూస్తే కొన్నిటికి కింద నట్టు, వాషరు ఉంటాయి, వాటిని పానాతో ఒకసారి బిగిస్తే చాలు. నట్టు లేని రకమైతే నీళ్ల పైపులకి చుట్టే తెల్ల టేపు మర మీద రెండు చుట్లు చుట్టి బిగించండి, చేత్తో తిప్పితే కదలదు. నా ఇనుప స్టాండ్ ఇలా టేపు చుట్టాక మళ్లీ వదులవలేదు.

మరల గురించి ఎలాగూ వచ్చింది కాబట్టి కొలతలు చెప్పేస్తాను, ఇక్కడ దెబ్బతినేవాళ్లు ఎక్కువ. మైక్ స్టాండ్ల మీద కనిపించే మరలు ముఖ్యంగా రెండు. ఒకటి 5/8 అంగుళం లావున్నది, అంగుళానికి 27 చుట్లు. రెండోది 3/8 అంగుళం, అంగుళానికి 16 చుట్లు, ఇది యూరప్ కంపెనీల స్టాండ్ల మీద ఎక్కువ. కెమెరా సామాను నుంచి వచ్చే బుల్లి స్టాండ్లకి 1/4 అంగుళం మర ఉంటుంది, అది సన్నం, దాని మీద బరువైన మైక్ పెట్టడం నాకు ఇష్టముండదు. 5/8 నుంచి 3/8కి మార్చే చిన్న ఇత్తడి బుడిపె చాలా మైకులతో వస్తుంది, డబ్బా అడుగున ఉంటుంది, పారేయకండి. దాని నెత్తిన గాడి ఉంటుంది, నాణెంతో తిప్పితే లోపలికీ బయటికీ వస్తుంది. పూర్తిగా బిగించకపోతే మైక్ తీసినప్పుడల్లా ఆ బుడిపె కూడా దానితోపాటే ఊడి వస్తుంది. ప్లాస్టిక్ మర ఉన్న క్లిప్పుని ఇనుప స్టాండ్ మీద వంకరగా ఎక్కించారంటే మర చెడిపోతుంది. మొదటి చుట్టు ఎప్పుడూ మెల్లగా, కొంచెం వెనక్కి తిప్పి, 'టక్' మని కూర్చున్నాక ముందుకి తిప్పండి.

దిమ్మ కింద రబ్బరు ఉందా లేదా అన్నది చూడండి. అడుగు మొత్తం చుట్టూ తిరిగే రబ్బరు పట్టీ అయితే మంచిది. నాలుగు బొట్లు అతికించినవాటిలో ఒకటి ఊడితే ఇక ఊగుడే. బంక నాసిరకమైతే వేసవిలో దిమ్మ ఎత్తగానే రబ్బరు బల్లకే ఉండిపోతుంది. పాలిష్ పెట్టిన బల్లల మీద కొన్ని రబ్బర్లు నల్లటి వలయం మచ్చ వేస్తాయి, అది పోదు, కింద ఏదైనా పలచటి గుడ్డ వేసుకోండి. అదురు ఇంకా తగ్గాలంటే స్టాండ్ కింద మౌస్ ప్యాడ్ పెట్టండి, మెత్తటి రబ్బరు స్పాంజి రకం. ఇక్కడే మళ్లీ బరువు అక్కరకొస్తుంది: ఒకే స్పాంజి మీద దిమ్మ ఎంత బరువుంటే అది అంత మెల్లగా ఊగుతుంది, అంత కింది స్వరాల నుంచి అదురుని ఆపగలుగుతుంది. తేలిక స్టాండ్ కింద అదే ప్యాడ్ పెడితే పెద్ద తేడా కనిపించదు, స్టాండ్ కాస్త తూలడం తప్ప. మరీ మెత్తటి దిండు లాంటిది పెడితే బరువు దిమ్మ కూడా ఒరిగిపోతుంది, మొదటికే మోసం.

షాక్ మౌంట్ ఉంటే ఇవన్నీ అక్కర్లేదు కదా అని అడుగుతారు. షాక్ మౌంట్ మంచిదే, కండెన్సర్ మైక్‌కి ఉండాల్సిందే. కానీ అందులోని రబ్బరు తాళ్లకీ ఒక సొంత ఊపు, అంటే సెకనుకి ఇన్నిసార్లని ఊగే వేగం, ఉంటుంది. ఆ ఊపుకి 1.4 రెట్ల పైనున్న అదురునే అది తగ్గిస్తుంది, సరిగ్గా ఆ ఊపు దగ్గరైతే ఉన్నదాన్ని ఇంకా పెంచుతుంది. తేలిక మైక్‌ని గట్టి తాళ్ల మౌంట్‌లో పెడితే ఆ ఊపు మనకి వినిపించే చోటికి ఎగబాకుతుంది, అప్పుడది పేరుకే షాక్ మౌంట్. ఊగులాడే స్టాండ్ మీద షాక్ మౌంట్ పెడితే రెండూ కలిసి ఊగుతాయి. ఎస్ఎమ్ 58, ఎస్ఎమ్ 7బీ లాంటివాటికి లోపలే అదురు ఆపే ఏర్పాటు ఉంటుంది కాబట్టి బయట మౌంట్ లేకపోయినా ఇనుప దిమ్మ మీద హాయిగా పనిచేస్తాయి.

కేబుల్ విషయం ఒక్క ముక్కలో: లావుపాటి ఎక్స్‌ఎల్‌ఆర్ (మైకులకి వాడే మూడు పిన్నుల) వైరుని బిగుతుగా లాగి బల్ల అంచు మీదినుంచి వదిలేస్తే ఆ వైరే అదురుని మోసుకొస్తుంది, మైక్ దగ్గర చిన్న చుట్ట వదులుగా వదిలి రాడ్డుకి వెల్క్రోతో కట్టండి.

ఇక అందరూ అడిగే ప్రశ్న, బల్ల అంచుకి బిగించే బూమ్ ఆర్మ్, అంటే మోచేతిలా మడత పడే పొడుగాటి చెయ్యి, తీసుకోకుండా ఈ ఇనుప దిమ్మ ఎందుకు అని. వీడియోల్లో అందరి ముందూ అదే కనిపిస్తుంది కాబట్టి అదే గొప్పదనిపిస్తుంది. బల్ల మీద చోటు మిగులుతుంది, మైక్‌ని నోటి దగ్గరికి లాక్కుని పని అయ్యాక పక్కకి నెట్టేయొచ్చు, కాదనను. కానీ మంచి ఆర్మ్ అయితేనే. స్ప్రింగ్ బయటికి కనిపించే చవక రకాల్లో ఒకటి కొన్నాళ్లు వాడాను, చెయ్యి తగిలితే స్ప్రింగ్ 'జుంయ్' మని మోగేది, పెద్ద గొంతుతో చదివినప్పుడు కూడా సన్నగా పలికేది. స్ప్రింగుకి దూది కూరి చూశాను, కొంత తగ్గింది. పైన పటారం, లోన లొటారం అంటే అదే. ఇంకోటి, స్ప్రింగ్ ఆర్మ్ ఇంత బరువుకని లెక్కకట్టి చేస్తారు. రోడ్ పీఎస్ఏ 1 ఆర్మ్ 700 గ్రాముల నుంచి 1.1 కిలోల మైకుల కోసం చేసింది, 300 గ్రాముల మైక్ ఒక్కటే పెడితే దానంతటది పైకి లేవాలని చూస్తుంది. దాని తర్వాత వచ్చిన పీఎస్ఏ 1 ప్లస్‌లో ఆ కింది హద్దుని 94 గ్రాములకి దించారు, పై హద్దు 1.2 కిలోలు. కాబట్టి ఆర్మ్ కొంటే మైక్ బరువు రెండు హద్దుల మధ్య ఉందో లేదో చూసుకోండి, పై హద్దు ఒక్కటే చూస్తే సరిపోదు. ఆర్మ్ కింద ఉండే క్లాంప్ అనే బిగింపు బల్ల అంచుని నొక్కి పట్టుకుంటుంది కాబట్టి బల్ల అదురు ఎలాగూ ఎక్కుతుంది, బల్ల పొట్టు చెక్కదైతే కొన్నాళ్లకి క్లాంప్ నొక్కిన చోట గుంట పడుతుంది, గాజు బల్లకైతే అసలు వద్దు.

నిజం చెప్పాలంటే బల్ల అదురు మీద నూటికి నూరు పాళ్లు గెలవాలంటే మైక్ బల్లని ముట్టుకోకూడదు. బల్ల వెనక నేల మీద బూమ్ ఉన్న పెద్ద స్టాండ్ పెట్టి, దాని చెయ్యిని బల్ల మీదికి చాపితే కీబోర్డ్ చప్పుడు సగానికి సగం పోతుంది. గదిలో చోటుంటే, ఇంట్లోవాళ్లు ఆ గదిలో నుంచి అటూ ఇటూ నడవకపోతే, ఇదే అన్నిటికంటే మేలైన ఏర్పాటు. చాలా ఇళ్లలో బల్ల గోడకి ఆనించి ఉంటుంది, వెనక చోటుండదు, అందుకే మనకి డెస్క్ స్టాండ్ అవసరం పడింది.

కొన్నాక చేయాల్సిన పరీక్ష ఒకటుంది, పావుగంట పని. మామూలుగా చదివినప్పుడు రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోని మీటర్ ఎక్కువలో ఎక్కువ మైనస్ 12 డెసిబెల్స్ దాకా వెళ్లేలా గెయిన్ పెట్టుకోండి. తర్వాత నోరు మూసుకుని రికార్డింగ్ ఆన్ చేసి, పెన్సిల్ వెనక రబ్బరుతో బల్ల మీద మైక్‌కి జానెడు దూరంలో కొట్టండి, తర్వాత మూరెడు దూరంలో కొట్టండి, తర్వాత మామూలుగా నాలుగు లైన్లు టైప్ చేయండి, కుర్చీలో కదలండి, పేజీ తిప్పండి. ప్రతిదానికీ మీటర్ ఎంత లేచిందో చూడండి. టైపింగ్ మైనస్ 45 కింద ఉంటే నేను సరే అనుకుంటాను, మైనస్ 30 దాటితే స్టాండో ప్యాడో మార్చాల్సిందే. తర్వాత మైక్‌ని చేత్తో పైకి ఎత్తి పట్టుకుని అదే టైపింగ్ మళ్లీ చేయించండి, వేరేవాళ్ల చేత. ఎత్తినప్పుడు కూడా అంతే వినిపిస్తే అది గాలిలో వచ్చే చప్పుడు, దానికి ఏ స్టాండూ ఏమీ చేయలేదు, నిశ్శబ్దంగా ఉండే కీబోర్డ్ చూసుకోవాలి. ఎత్తగానే తగ్గిపోతే ఆ తగ్గినంతా బల్లలోంచి వచ్చిందే. డబ్బు ఎక్కడ పెట్టాలో ఈ ఒక్క పరీక్షతో తేలిపోతుంది. ఖాళీ గొట్టం ఉన్న రాడ్డుని గోటితో మీటి కూడా చూడండి, 'టింగ్' మని సాగదీస్తూ మోగితే రాడ్డు చుట్టూ గుడ్డ టేపు రెండు మూడు చుట్లు వేయండి, మోత చచ్చిపోతుంది.

రంగు, పెయింటు, డబ్బా, స్టిక్కర్ల గురించి నాకు చెప్పడానికేం లేదు. పోత ఇనుము దిమ్మ అంచులు కొన్నిటికి గరుకుగా ఉంటాయి, గరుకు కాగితంతో రుద్దుకుంటే పోతుంది. దిమ్మ మీద ఆన్ ఆఫ్ స్విచ్ ఉన్నవి, లైటు వెలిగేవి, ఫోన్ పెట్టుకునే గాడి ఉన్నవి వస్తున్నాయి. స్విచ్ నొక్కినప్పుడల్లా దిమ్మే 'టక్' మంటుంది కాబట్టి నాకు వద్దు.

ఇద్దరు ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని మాట్లాడేవాళ్లకి మాత్రం కొంచెం వేరే సలహా. ఒకరి చెయ్యి బల్లకి తగిలితే ఇద్దరి మైకుల్లోనూ వినిపిస్తుంది, రెండు ట్రాకుల్లో ఒకేసారి పడ్డ చప్పుడు తీసేయడం ఎడిటింగ్‌లో నరకం. రెండు స్టాండ్లూ రెండు కిలోల దగ్గర దిమ్మలవే తీసుకోండి, రెండిటి కింద విడివిడిగా ప్యాడ్‌లు వేయండి, ఒకే పెద్ద షీటు మీద రెండూ పెట్టకండి. ఒకటే మంచి స్టాండ్ కొనేంత డబ్బుంటే బల్ల మీద చేతులు ఆడిస్తూ మాట్లాడే మనిషి ముందు అది పెట్టి, కుదురుగా కూర్చునేవాళ్లకి ప్రస్తుతానికి పాతదే ఇవ్వండి.